అక్కకు కోపమొస్తే

గిద్దలూరులో పెళ్లిపత్రికలు టైపు చేసే అక్క ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు. ఎన్ని మార్పులు చెప్పినా "అట్లనే మార్చుదాంలే" అని నవ్వేది. ఆమె కంప్యూటరు మాత్రం ఓర్చుకునేది కాదు. మేనమామల పేర్ల వరస మళ్లీ మార్చమంటే చాలు, ఠక్కున ఆగిపోయేది. దానికీ విసుగొచ్చిందనుకుని జనం ఉన్నదే చాలనేవాళ్లు.

కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి కదా, నేను ర్యామ్ మార్చాను, పవర్ సప్లై మార్చాను. రోగం తగ్గలేదు.

ఒకరోజు నేను అక్కడుండగానే రాచర్ల నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. "మా బావ పేరు పైకి రావాలమ్మా" అన్నాడు, అప్పటికి నాలుగోసారి. అక్క నవ్వుతూనే ఉంది. తెర నల్లబడింది. టైపు చేసిందంతా పోయింది.

బల్ల కిందికి వంగి చూశాను. అక్క కుడికాలు కోపంగా ఊగుతూ సీపీయూ వెనక కరెంటు వైరును తన్నుతోంది. వైరు పిన్ను వదులై ఉంది.

కొత్త వైరు గట్టిగా బిగించి, "ఇంక ఆగదక్కా" అన్నాను.

అక్క మొహంలో నవ్వు పోయింది. పెద్దాయన వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అదేంది తమ్ముడూ, ఇంక చాలని వీళ్లకు నేనే చెప్పాల్నా?"