గుర్తుకు ఒక్క ఫోటో

మొన్నీమధ్య ఒక సభలో నన్ను వేదిక ఎక్కించి, ఫోటోగ్రఫీ అంటే మీకు ఏమిటి అని అడిగారు. నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ని, ఏదో బరువైన మాట చెబుతానని ముందు వరుసలో ఇద్దరు పెన్నులు కూడా తీశారు. వెలుగునీడలని, కాలాన్ని ఆపడమని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కాలం ఎవడి కోసం ఆగింది? గొంతు బాగాలేదని చెప్పి కూర్చున్నాను. చెప్పవలసింది లేక కాదు, అది మైకులో చెప్పేది కాదు.

జగిత్యాలలో నా స్టూడియో బోర్డు మీద పేరు కింద ఇంకో వరుస ఉండేది: 'నెగెటివ్‌లు భద్రపరచబడును'. మిగతా స్టూడియోల వాళ్లు కూడా రాసుకునేవాళ్లు గాని, నిజంగా భద్రపరిచింది నేనొక్కణ్నే. ఒక్కో నెగెటివ్‌ను ఒక్కో కాగితం కవర్లో పెట్టి, దాని మీద పెన్సిల్‌తో పేరు, ఊరు, ఎందుకు తీయించుకున్నారో రాసి, బిస్కెట్ డబ్బాల్లో వరుసగా నిలబెట్టేవాణ్ని. హాల్ టికెట్లకు ఒక డబ్బా, బస్సు పాసులకు ఒకటి, పెళ్లిచూపులకు ఇంకొకటి. కోరుట్లలో నాకు పని నేర్పిన ఉస్తాద్ ఒకసారి వచ్చి అది చూసి, "గిది స్టూడియోనా, తాసిల్ ఆఫీసా" అని నవ్వాడు. నాకు మాత్రం అదే గర్వం.

అన్నలు, అంటే నక్సలైట్లు, ఊళ్లల్లో తిరుగుతున్న రోజులవి. కొడుకు వాళ్లలో కలిశాడని తెలిస్తే ఇంట్లోవాళ్లు మొదట చేసే పని ఫోటోలు కాల్చడం. పోలీసులు వస్తే ముఖం దొరకకూడదు. గోడ మీది ఫ్రేములు విప్పి, సర్టిఫికెట్లకు అంటించినవి గోకి తీసి, అన్నీ పొయ్యిలో వేసేవాళ్లు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా నా డబ్బాల సంగతి ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఒక ఎస్సై వచ్చాడు. మర్యాదగానే కూర్చున్నాడు, చాయ్ తెప్పిస్తే తాగాడు. పెగడపల్లి దిక్కు పిల్లగాడు, డిగ్రీ చదివేవాడు, పేరు ఇదీ అని చెప్పి, "వాని ఫోటో ఒక్కటి గావాలె. గుర్తు కోసం" అన్నాడు. భయపడి ఇచ్చానని చెప్పుకుంటే కొంత గౌరవంగా ఉంటుంది. భయం తర్వాత వచ్చింది. ఆ క్షణాన నాకు వచ్చింది హుషారు. లేచి, హాల్ టికెట్ల డబ్బా దించి, రెండు నిమిషాల్లో ఆ కవరు ఆయన చేతిలో పెట్టాను. "శభాష్, పనంటె గిట్లుండాలె" అని, నెగెటివ్ జేబులో వేసుకుని పోయాడు. నా పద్ధతిని మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే. ఆ సంతోషం సాయంత్రం దాకా ఉంది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

నాలుగు నెలలకు జీపు వచ్చి నన్ను ఎక్కించుకుపోయింది. అప్పట్లో శవాల ఫోటోలకు మాలాంటివాళ్లనే పిలిచేవాళ్లు. ఎదురుకాల్పులు అన్నారు. దవాఖాన వెనక రేకుల గదిలో చాప మీద ఆ పెగడపల్లి పిల్లగాడు ఉన్నాడు. నా స్టూలు మీద కూర్చున్న రోజు, కాలరు గుండీ పెట్టుకో అని చెప్పింది నేనే. గుర్తుపట్టకుండా ఎట్లా ఉంటాను? కెమెరాను ముఖం దగ్గరికి దించాను. రోజూ అనే మాటకు అలవాటుపడ్డ నోరు ఊరుకోలేదు. "కండ్లు మూయకు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. పక్కనున్న కానిస్టేబుల్ మొహం తిప్పుకున్నాడు.

పది రోజులకు వాళ్లమ్మ వచ్చింది. బీడీలు చేసే మనిషి, గోళ్ల సందున తంబాకు నలుపు. లోపలికి రమ్మన్నా రాకుండా గడప దగ్గరే నిలబడింది.

"మా పిలగాడు పరీచ్చ కారటుకు నీ దగ్గర్నే ఫోటో దిగిండు కొడుకా. ఇంట్ల ఉన్నయన్ని నేనే పొయ్యిల వెట్టిన, పోలీసోళ్లకు దొరకద్దని. గుర్తుకు ఒక్కటియ్యి."

గుర్తు. ఎస్సై అడిగిందీ అదే, ఈమె అడిగిందీ అదే. మనిషిని పట్టుకోవడానికీ, మనిషిని మరిచిపోకుండా ఉండడానికీ ఒకటే మాట ఎందుకుందో నాకు తెలియదు. నేను తీసిన ప్రతి ఫోటో ఆ రెండింటికీ పనికొస్తుందని మాత్రం ఆ గడప దగ్గర తెలిసింది. "అది ఖరాబైందమ్మా" అన్నాను.

"మొన్న దవాఖానల తీసినవట గద. గదన్న ఇయ్యి."

ఆ రీలు కడిగింది నేనే. ముఖం ఒక్కటే ఉన్న ఫ్రేము ఒకటి నా దగ్గర మిగిలింది. దాన్ని ఉన్నదున్నట్టు తల్లి చేతిలో పెట్టలేక, రేపు రమ్మన్నాను, కళ్లు తెరిపించి ఇస్తానన్నాను. మాకది మామూలు పనే. బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగని ముసలివాళ్లకు, చచ్చిపోయాక తీసిన ప్రింటు మీద సన్న కుంచెతో కళ్లు గీసి ఇచ్చేవాళ్లం. దానికి ఉస్తాద్ చెప్పిన కిటుకు ఒకటుంది. "కన్ను ఊహించి గియ్యకు. సొంత నెత్తురోల్లను ఎదురుంగ కూసోవెట్టుకొని గియ్యి. తల్లి దొరికితే ఇంక మంచిది."

మర్నాడు ఆమెను అదే స్టూలు మీద కూర్చోబెట్టి రెండు లైట్లు వేశాను. ప్రింటు ఒళ్లో పెట్టుకుని, కుంచె నాలుక మీద తడుపుకుని, ఆమె కళ్లలోకి చూడాలి, ఒక గీత గీయాలి, మళ్లీ చూడాలి. "నన్నే సూడమ్మా" అన్నాను. చూసింది. జనం ఆ లైట్ల కింద కళ్లు నలుపుకుంటారు. ఆమె నలుపుకోలేదు, కదిలితే కొడుకు ముఖం చెడుతుందని భయపడిందేమో. చెప్పేద్దామని మూడుసార్లు నోరు తెరిచాను. నేనే ఇచ్చిన అమ్మా, ఈ చేతుల్తోనే ఇచ్చిన. మూడుసార్లూ కుంచె తడుపుకున్నాను.

అయిపోయాక చేతికిచ్చాను. చాలాసేపు చూసి, "నా దిక్కే సూస్తుండు" అంది. కొంగులో చుట్టుకుని పోయింది. అంత బాగా నేను మళ్లీ ఎప్పుడూ కళ్లు గీయలేదు.

ఆ వారమే డబ్బాలన్నీ పెరట్లో పోసి కాల్చాను. బోర్డు మీద ఆ వరుసకు సున్నం పూశాను. ఎవరికీ ఏ లాభమూ లేని పని, చేయవలసిన రోజు ఎప్పుడో దాటిపోయింది. వృత్తి మాత్రం మానలేదు. నాకు ఇంకో పని రాదు. మిగతా కారణాలన్నీ సభల కోసం చెప్పుకునేవి.

చాలా ఏళ్లకు సిరిసిల్లలో ఒక పెళ్లికి ఫోటోలు తీయడానికి పోయాను. బ్యాగు పెట్టుకోవడానికి చోటడిగితే పక్కింట్లో పెట్టుకోమన్నారు. ముందు గదిలో సాంచాలు నడుస్తున్నాయి, బట్ట నేసే మిషన్ల చప్పుడుకు మాట వినపడదు. లోపలి గదిలో గోడకు ఆ ఫోటో. కింద మంచంలో ఆమె, బాగా ముసలిదైపోయింది. కూతురి ఇంట్లో ఉంటోందట. రెండు కళ్లలోనూ తెల్లటి పొర, ఇక చూపు రాదన్నారట. నేనెవరో చెప్పకుండా బయటికి వచ్చేయవచ్చు. చెప్పాను.

ఫోటో దగ్గరికి పోయి చూశాను. సాంచాల దూది నుసి అద్దం లోపలికి కూడా పోయింది. గోడ చెమ్మకు రంగు కరిగిపోయింది. నేను గీసిన కళ్లు లేవు. రేకుల గదిలో చూసిన ఆ రెప్పలే, మూసుకుని ఉన్నాయి. మళ్లీ గీయాలంటే ఎదురుగా ఆమె కళ్లు కావాలి.

ఈసారైనా చెప్పాలని మంచం పక్కన కూర్చున్నాను. "అమ్మా, అప్పుడు ఆ ఫోటో..." అన్నాను. సాంచాల మోతలో ఆమెకు సగమే వినిపించింది.

"ఆ, ఫోటోనే. బిడ్డనడిగితే మంచిగనే ఉన్నదంటది. నువ్వు పని తెలిసినోనివి, నువ్వు చెప్పు కొడుకా. కండ్లు తెరిచే ఉన్నయా?"

"తెరిచే ఉన్నయమ్మా."

"గంతే సాలు. నాకు కానరాకున్నా, వాడన్న సూస్తుండు."

బ్యాగు తీసుకుని పెళ్లికి పోయాను. కళ్లు మూయకండి అని ఆ రోజంతా ఎవరికీ చెప్పలేకపోయాను, ఆ మాటకు నోరు రాలేదు. రీలు కడిగితే సగం ఫోటోల్లో పెళ్లికొడుకు, పెళ్లికూతురు, చుట్టాలు కళ్లు మూసుకుని ఉన్నారు. పెళ్లివాళ్లు తిట్టి, దిద్ది ఇమ్మన్నారు. కుంచె పట్టుకుని కూర్చున్నాను గాని, ఒక్క కన్నూ గీయలేకపోయాను.