ఇద్దరు ఎత్తగలిగిన సంసారం

కళ్ళజోళ్ళు బాగుచేసే ఆయన ఇంట్లో ఒక చట్టం ఉంది. ఇద్దరు మనుషులు ఎత్తలేని వస్తువు గడప దాటి లోపలికి రాకూడదు. మంచాలు మడతవి, కుర్చీలూ మడతవే. ఇంటిల్లిపాది బట్టలూ మంచాల కింద సూట్‌కేసుల్లోనే కాపురం. ఆయన భార్యకి ఒక మంచి దుప్పటి కావాలంటే నేలమీద చతికిలబడి సూట్‌కేసులన్నీ బయటికి లాగాల్సిందే. రోజూ రైలెక్కబోతున్నట్టే ఉంటుంది పాపం.

"ఏమండీ, ఒక్క బీరువా కొందామండీ. నా మోకాళ్ళు అరిగిపోతున్నాయి," అని ఆవిడ అడగని నెల లేదు.

"ఇద్దరం ఎత్తగలమా?" అంటాడు ఆయన. అంతటితో ఆ ముచ్చట ముగుస్తుంది.

పిసినారేం కాదు. బడిపిల్లల కళ్ళజోడు ఊడితే ఊరికే స్క్రూ బిగించి పంపే రకం. కానీ పసితనంలో, ఊళ్ళో గొడవలు రేగినప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని సరిహద్దు దాటి వచ్చినవాడు. దారి పొడుగునా అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. సామాను వదిలేసి వచ్చినందుకని ఎవరో అన్నారు. సామానే లేకపోతే ఏడుపే ఉండదు కదా అని ఆ బుర్రలో అప్పుడే పడిపోయింది.

మొన్న కూతురు ఇంట్లో అందరికీ శరణార్థుల సినిమాకి టికెట్లు తెచ్చింది. ఆయన నసిగాడు. ఆయన ముసలి తల్లి మాత్రం అందరికంటే ముందు తయారై గుమ్మంలో నిలబడింది.

తెరమీద ఒక కుటుంబం ఇల్లు విడిచి పోతోంది. ఆ ఇల్లాలు వెళ్తూ వెళ్తూ బీరువా తలుపు నిమిరింది. ఆయన, అమ్మ ఏమైపోతోందోనని పక్కకి తిరిగాడు. అమ్మ పాప్‌కార్న్ నములుతూ, "నాది దీనికంటే పెద్దది!" అంది హాలంతా వినపడేలా. వెనకవాళ్ళు ఉష్షు ఉష్షుమన్నారు.

ఇంటర్వెల్ పడగానే అడిగాడు. "పెద్దదేంటమ్మా?"

"బీరువారా! నలుగురు మోసుకొచ్చారు. గుమ్మంలో పట్టక ద్వారబంధం చెక్క ఊడదీశారు. దాని అద్దం ముందు నేను తల దువ్వుకుంటుంటే మీ నాన్న, 'మహారాణీగారూ, ఇక చాలు' అనేవాడు."

"దానికోసమేగా దారంతా ఏడ్చావు?"

"ఏడవనా మరి! వదిలేసి వచ్చినందుకు ఏడ్చాను. కొన్నందుకు మాత్రం ఒక్కనాడూ ఏడవలేదురా." ఇంకో గుప్పెడు నోట్లో వేసుకుంది. "అవునూ, కోడలు అంత మొత్తుకుంటున్నా నువ్వెందుకు కొనవురా? చేతిలో డబ్బుల్లేక, ఎత్తలేమని సాకు చెబుతున్నావనుకుని నేనూ నోరు మెదపలేదు."

పక్కనున్న ఆయన భార్యకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేసి, కొంగుతో మొహం కప్పుకుంది.

ఆదివారం బీరువా వచ్చింది. నలుగురు కూలీలు రొప్పుకుంటూ, గోడ సున్నం రాల్చుకుంటూ మెట్లన్నీ ఎక్కించారు. వాళ్ళలో ఒకతను నుదురు తుడుచుకుని, "ఇంత బరువేంటి సార్! రేపు ఇల్లు మారాలంటే చుక్కలు కనిపిస్తాయి మీకు," అన్నాడు.

"పోవాల్సి వస్తే ఏడ్చుకుంటూ వదిలేసి పోతాంలే నాయనా," అన్నాడాయన. "ముందు మా ఆవిడ చెప్పిన చోట పెట్టండి."