మంత్రి చూసుకో అల్లుడూ

నిన్న పొద్దున బండి స్టార్ట్ చేస్తుంటే షాహీన్ ఫోన్. "అన్నా, అబ్బా పోయినాడు" అంది.

బండి స్టాండ్ వేసి అక్కడే కూర్చుండిపోయాను. తెలిసిన విషయమే.

షాహీన్ నాన్న మస్తాన్ మామ. మార్కాపురంలో పలకల దుకాణం. ఒక పెద్ద పలక మీద మేకుతో గళ్లు గీసి దాన్నే చెస్ బోర్డు చేసుకున్నాడు. గేమ్ మధ్యలో కస్టమర్ వస్తే కస్టమరే ఆగాలి.

నాకు ఆట నేర్పింది మామే. రాజు ముందున్న బంటు రెండు గళ్లు, తర్వాత గుర్రం, ఆ వెనకే బిషప్. దానికి ఇటాలియన్ ఓపెనింగ్ అని పేరుందని నేను ఒంగోలు టోర్నమెంట్‌కి వెళ్లేదాకా మా ఇద్దరికీ తెలియదు.

మామకి ఒక రూల్ ఉండేది. మన పావు ఎదుటివాడి మంత్రి మీదికి వస్తే నోరు తెరిచి చెప్పాలి. చెప్పకుండా కొడితే ఆ దెబ్బ చెల్లదు.

టోర్నమెంట్ లాస్ట్ రౌండ్. అదే ఓపెనింగ్, మంచి పొజిషన్. నా గుర్రం ఎదుటివాడి మంత్రి మీదికి వచ్చింది. వాడు చూసుకోలేదు. అలవాటు కొద్దీ "మంత్రి" అనేశాను.

ఆటలో మాట్లాడకూడదని ఆర్బిటర్ మందలించాడు. వాడు మంత్రిని తప్పించుకున్నాడు. నేను ఓడిపోయాను.

బస్ దిగి సరాసరి దుకాణానికే వెళ్లి మామని నిలదీశాను. ఆయన నవ్వలేదు. "చెప్పకుండా కొట్టేది ఏం ఆట అల్లుడూ" అన్నాడు.

మామకి రెండేళ్లుగా డయాలసిస్. పోయిన వారం డాక్టర్, ఇక రోజులే అన్నాడట. అబ్బాకి చెప్పొద్దని షాహీన్ నాతో ఒట్టు వేయించుకుంది.

ఆ సాయంత్రం ఆడదామని కూర్చున్నాం. మామ పడుకునే ఆడాడు. మధ్యలో ఆగి అడిగాడు.

"డాక్టర్ ఏమన్నాడు? పుల్లలచెరువు పోయి అక్కని చూసి రావాల. టైముందా?"

ఆ అక్కతో ఆయనకి ఏళ్లుగా మాటల్లేవు.

అటు ఒట్టు, ఇటు మామ కళ్లు. ఎటు కదిలినా తప్పే. ఇరుక్కుపోయాను.

"బాగయినాక పోదాం మామా" అన్నాను.

మామ పలక వైపు తల తిప్పాడు. తర్వాత గుర్రం జరిపి, "మంత్రి చూసుకో అల్లుడూ" అన్నాడు.

నిన్న మధ్యాహ్నం ఆ అక్క వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, "నాకొక్క మాట చెప్పుంటే వచ్చేదాన్ని గదా నాయనా" అంది.

నేను లేచి ఆమెకి దారి ఇచ్చాను.

నీకు చెప్పాల్సింది మామా. చెప్పలేదు.
నీ రూల్ ప్రకారం ఈ దెబ్బ చెల్లకూడదు.

అల్లా నీకు చల్లని చోటివ్వాలి. పోయి రా మామా.