మూడో రౌండు శివారు

కాలువకు చిట్టచివర ఉండే పొలాలను మా వైపు శివారు అంటారు. నీళ్లు అక్కడిదాకా వస్తే పంట, రాకపోతే లేదు. మా నాన్న సాగు చేసే నేలంతా శివారే. కాలువ మొదట్లో నీళ్లు ఎంత జోరుగా పారుతున్నాయని ఆయన ఎప్పుడూ అడగడు. మనదాకా వస్తాయా అని మాత్రమే అడుగుతాడు. ఆ ప్రశ్న నా చేతులకు కూడా వర్తిస్తుందని తెలుసుకోవడానికి నాకు ఒక దాళ్వా కాలం, అంటే రెండో పంట కాలం, పట్టింది.

అవి తొంభైల మధ్య రోజులు. సివిల్ డిప్లొమా పూర్తి చేసి ధవళేశ్వరంలో నీటిపారుదల ఆఫీసులో అప్రెంటిస్‌గా చేరాను. రాజమండ్రిలో గది. గోదావరి గట్టు పక్కన ఒక రేకుల షెడ్డులో పొద్దున్నే బాక్సింగు నేర్పేవారు. సాయంత్రం బస్సు దిగాక, గదికి వెళ్లే దారిలో తాలింఖానా. అక్కడ ఇనుము ఎత్తేవాణ్ని.

రెండిట్లో నాకు ముందు నచ్చింది ఇనుమే. చిన్నప్పుడు నన్ను పుల్ల అని పిలిచేవాళ్లు. ఆ పేరు పోగొట్టింది తాలింఖానా. పైగా అక్కడ అంతా కొలతకు అందుతుంది. కిందటి వారం ఎత్తలేని ప్లేటు ఈ వారం ఎత్తితే అది ఎదుగుదల, అందులో వాదన లేదు. బాక్సింగులో అలా కాదు. ఒకరోజు గాలిలా తేలిన చెయ్యి మర్నాడు తడి గోనెసంచిలా వేలాడుతుంది. ఎందుకో ఎవరూ చెప్పరు. కొలవలేనిదంటే నాకు భయం. ఆ భయం వల్లే దాన్ని వదలలేకపోయానేమో.

షెడ్డులో నేర్పే మాస్టారు సైన్యంలో పనిచేసి వచ్చినవారు. మాట తక్కువ, వెటకారం ఎక్కువ. నా ఇబ్బంది ఆయన మొదటి నెలలోనే పట్టుకున్నారు. మొదటి రౌండులో నా ఎడమ చెయ్యి గడ్డం పక్కన మేకు కొట్టినట్టు ఉంటుంది. రెండో రౌండులో భుజం మండుతుంది. మూడో రౌండుకు చెయ్యి నాకు తెలియకుండానే ఛాతీ దాకా జారిపోతుంది. కిందటేడు, డిప్లొమా చదువుతుండగా, కాలేజీల మధ్య జరిగిన పోటీలో అలా జారినప్పుడే దెబ్బ తిని ఓడిపోయాను.

"ఏవయ్యా, తలుపు తీసి పెట్టావేంటి? చుట్టాలెవరైనా వస్తన్నారా?" అనేవారు మాస్టారు, చెయ్యి దిగినప్పుడల్లా. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వడానికి ప్రయత్నించేవాణ్ని.

ఎండాకాలంలో జిల్లా ఎంపికలు ఉన్నాయి. వాటికి ముందు షెడ్డులో ఒక ప్రాక్టీసు బౌటు పెడతాననీ, మూడో రౌండులో చెయ్యి దిగితే నా పేరు పంపననీ మాస్టారు చెప్పేశారు. అక్కడితో ఆగలేదు. "నీ భుజాల్ని ఆ ఇనుము తినేస్తందయ్యా. ఏదో ఒకటి ఉంచుకో. రెండూ కావాలంటే కుదరదు."

నాకు రెండూ కావాలి. అందుకని చదువుకున్నవాడు చేసే పనే చేశాను. గ్రాఫు కాగితం మీద ఆదివారం తప్ప వారమంతా గళ్లు గీసి, ఆఫీసులో దాళ్వాకు నీటి వంతులు వేసే పద్ధతిలోనే నా రోజులకూ వంతులు వేశాను. ఒకరోజు ఇనుము, ఒకరోజు బాక్సింగు. ఇనుమున్న రోజు షెడ్డుకు వెళ్లను, షెడ్డు ఉన్న రోజు తాలింఖానా గడప తొక్కను. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఆ కాగితాన్ని గోడకు అంటించి దూరం నుంచి చూసుకున్నాను. చాలా అందంగా ఉంది.

కొన్ని వారాలు తు.చ. తప్పకుండా పాటించాను. చెయ్యి ఇంకా త్వరగా దిగడం మొదలుపెట్టింది. ఇప్పుడు రెండో రౌండులోనే. పొద్దున్న తల మీద నీళ్లు పోసుకోవడానికి చెంబు ఎత్తితే మోచెయ్యి వణికేది. లెక్క సరిగ్గా ఉన్నప్పుడు జవాబు ఎలా తప్పుతుందో అంతుబట్టలేదు. తప్పు శరీరానిదే అనుకుని ఇంకో ప్లేటు పెంచాను.

ఆ ఆదివారం ఊరికి వెళ్లాను. నాన్న బోదె గట్టు మీద పార పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పొలంలోకి నీరు తెచ్చే ఆ చిన్న కాలువ అడుగున తడి తప్ప ఇంకేం లేదు. వంతు మనదే, నీళ్లు మాత్రం రావడం లేదు. నన్ను చూడగానే, ఆఫీసు మొత్తం నేనే నడుపుతున్నట్టు మొదలుపెట్టాడు.

"ఏరా, వంతులేశాం అంటారు. నిన్న పక్క బోదెకి, ఇవ్వాళ మనకి. మరి నీళ్లేవిరా?"

నేను పక్కన కూర్చుని వివరించాను. రెండు బోదెలకూ తూము ఒకటే. నిన్న అటు, ఇవాళ ఇటు అని నీటిని మళ్లిస్తున్నారు తప్ప తూము మాత్రం ఒక్క రోజు కూడా మూయడం లేదు. పైన కాలువలో మట్టం పెరిగే వ్యవధి లేదు. మట్టం లేకపోతే నీరు మొదటి చేల దాకా వచ్చి ఆగిపోతుంది. "వంతులు మారిస్తే చాలదు నాన్నా, మధ్యలో తూము కట్టెయ్యాలి. అప్పుడే శివారుకు అందుతుంది."

"ఆ మాటేదో మీ ఆఫీసులో చెప్పరా. నాకు చెబితే నీళ్లొస్తాయా?" అన్నాడు నాన్న.

ఆ రోజు నీళ్లు సాయంత్రానికి కొంచెం వచ్చాయి. తిరుగు బస్సులో కూర్చునే చోటు లేదు. పైన కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. రెండు ఊళ్లు దాటేసరికి ఎడమ చెయ్యి లాగేసింది, కుడి చేతికి మార్చాను. కాసేపటికి అదీ లాగేసింది. మళ్లీ ఎడమకు మార్చుకుంటుంటే, పొద్దున్న గట్టు మీద నేనే అన్న మాట నాకే వినిపించింది. గోడ మీది కాగితం కళ్ల ముందుకు వచ్చింది. ఇనుమొక బోదె, బాక్సింగొక బోదె. వంతులు చక్కగా వేశాను. రెండూ తీసుకునేది ఒకే జత భుజాల నుంచి. ఆ తూము ఆరు రోజులూ తెరిచే ఉంది.

గదికి చేరగానే కాగితం చించేసి కొత్తది గీశాను. పొద్దున్న చేతులు తాజాగా ఉన్నప్పుడు బాక్సింగు, అదే రోజు సాయంత్రం తేలిక బరువులతో ఇనుము. పనంతా ఆ రోజుకే సరి. మర్నాడు చేతులు కట్టేసినట్టే. కడ్డీ భుజాల మీద పెట్టుకుని బస్కీలు మాత్రం తీయొచ్చు. గుద్దు మడమలోంచి రావాలని మాస్టారు ఎలాగూ చెబుతూనే ఉన్నారు. బౌటు ఉన్న వారం తల పైకి ఎత్తే బరువులు పూర్తిగా బంద్.

రాయడం తేలికే. పాటించడం కష్టమైంది. ఖాళీ గడి చూస్తే ఏదో దొంగతనం చేసినట్టుండేది. ఊరుకోలేక అందులో 'విశ్రాంతి' అని రాసి, దాన్నీ ఒక పనిలాగే చేశాను. తాలింఖానాలో తోటివాళ్లు ఊరుకుంటారా? "ఏంటండీ, ప్లేట్లు తగ్గించేశారు, పెళ్లిచూపులా?" అని ఒకాయన. పుల్ల అనే పేరు మళ్లీ ఎక్కడ అంటుకుంటుందోనని లోపల భయంగానే ఉండేది. అయినా ప్లేటు పెంచలేదు.

ప్రాక్టీసు బౌటు రోజున మూడో రౌండు మొదలవగానే భుజంలో ఆ బరువు కోసం ఎదురుచూశాను. వస్తుందని తెలుసు. వచ్చింది కూడా, కాకపోతే ఆఖర్లో, సన్నగా. చెయ్యి జారలేదు.

మాస్టారు నా గ్లవ్సు విప్పుతూ, "మొత్తానికి ఇనుము మానేశావన్నమాట," అన్నారు.

"మానలేదండి."

ఆయన తాడు విప్పడం ఆపి నా మొహంలోకి చూశారు. "మరేం చేశావు?"

"మధ్యలో ఖాళీ వదిలానండి."

ఆయన మిగిలిన తాడు విప్పేశారు. నా పేరు పంపారు.

ఎంపికల్లో నేను గెలవలేదు. ఎదుటివాడు నాకన్నా వేగంగా కదిలాడు. నేను చెయ్యి ఎత్తేలోపు కాదు, కాలు తీసేలోపే కొట్టాడు. అది వేరే లెక్క, దానికి వేరే కాగితం గీయాలి. ఆఖరి గంట మోగాక నా మూలకు నడిచి వచ్చి స్టూలు మీద కూర్చున్నాను. గ్లవ్సు విప్పుదామని మాస్టారు నా ఎడమ చెయ్యి పట్టుకుని లాగారు. అది గడ్డం పక్కనుంచి కదలలేదు. నాకు ఆ సంగతే తెలియలేదు.

"అయిపోయిందయ్యా," అన్నారాయన, మెల్లగా. "ఇంక దించు."