మార్తమ్మ గొంతు మీద కంప్యూటర్ కోర్సు

నాచారం ఫ్యాక్టరీల వెనక బస్తీలో ఏలియా పీహెచ్‌డీ చేస్తున్నాడంటే, అదేదో డాక్టరు చదువనుకుని జ్వరానికి గోలీలు అడిగేవాళ్లు జనం. కాదు మొర్రో, పాటల మీద చదువు అంటే నోరెళ్లబెట్టేవాళ్లు. "పాటలకు సదువేందిరా, సిన్మాలల్ల పాడ్తవా?" అని మేనమామ ఎకసెక్కాలు. ఒక్క నాయనమ్మ మార్తమ్మ మాత్రం మనవణ్ని ఎవరూ పల్లెత్తు మాట అననిచ్చేది కాదు.

మార్తమ్మది భువనగిరి వైపు పల్లె. శవం పక్కన కూచుని, పోయినవాళ్ల బతుకంతా అల్లి పాడుతూ ఏడ్చేది. పాస్టరుగారు వద్దన్నా మానలేదు. అయితే చావు లేని ఇంట్లో ఆ పాట ఆమె నోట రాదు. పాడితే చావును పిలిచినట్టేనని భయం. ఏలియా థీసిస్ సరిగ్గా ఆ ఏడుపు పాటల మీదే! బతిమాలీ బామాలీ విసిగిపోయాడు.

పాడే రోజు రానే వచ్చింది, పాడుగాను. ఏలియా తండ్రి అబ్బయ్య ఫ్యాక్టరీలో మిషను దగ్గరే కుప్పకూలి ప్రాణం విడిచాడు. మార్తమ్మ కొడుకు తలను ఒళ్లో పెట్టుకుని పాట ఎత్తుకుంది. ఏలియా ఏడుస్తూనే డిపార్ట్‌మెంట్ టేప్‌రికార్డర్ తెచ్చి పక్కన పెట్టాడు.

"సిగ్గు శరం ఉన్నదార నీకు? నాయిన సస్తే టేపు జేస్తవా?" అని మేనమామ మీదికొచ్చాడు.

మార్తమ్మ పాట ఆపి అడ్డుపడింది. "జెయ్యనియ్యి. నా కొడుకు ముచ్చట నాలుగు దినాలు ఉంటది."

తర్వాత రాసుకుందామని ఏలియా ఎన్నిసార్లు టేపు పెట్టినా, నాయన పేరు వినపడగానే ఆపేసేవాడు. ఒక్క చరణమూ కాగితం మీదికి రాలేదు.

ఈలోగా సర్కారు యూనివర్సిటీ గ్రాంటుకు కత్తెర పెట్టింది. అది ఇంజినీరింగు వాళ్ల జోలికి పోతుందా? తెలుగు, చరిత్ర, తత్వశాస్త్రం చదివే దిక్కులేని పిల్లల మీదే పడింది. ఫెలోషిప్ ఆగింది. సార్లు రిటైరైతే ఆ కుర్చీల్లో మళ్లీ ఎవరూ కూర్చోలేదు. ఏలియా ఉప్పల్లో ఒక ట్యుటోరియల్లో పదో తరగతికి సోషల్ చెప్పుకుంటూ లాక్కొచ్చాడు. ఇక కొత్త క్యాసెట్లు కొనేది లేదు, డిపార్ట్‌మెంట్‌వి ఎవరి దగ్గరున్నా అప్పగించాలని హుకుం వచ్చింది.

క్యాసెట్ వెనక అంచున చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. వాటిని విరిచేస్తే దానిమీద మళ్లీ రికార్డు కాదు.

"అన్నా, విరిచేసి ఇస్త," అన్నాడు ఏలియా, యూనివర్సిటీ స్టోరు చూసే భూషణంతో.

"ఇరిస్తే నా నౌకరికొస్తది తమ్మీ. బీరువాల పెట్టి తాళమేస్త, ఫికర్ జెయ్యకు."

ఏలియా నమ్మి ఇచ్చేశాడు. ఎక్కడో పోయిందని ఓ అబద్ధమాడి ఇంట్లో దాచుకుంటే ఏ గొడవా లేకపోవును. అంత లౌక్యమే ఉంటే పాటల మీద పీహెచ్‌డీ ఎందుకు చేస్తాడు లెండి!

సెలవులయ్యాక గుండె రాయి చేసుకుని స్టోరుకు వెళ్లి ఆ టేపు పెడితే, ఎవరిదో మగ గొంతు ఇంగ్లీషులో దంచుతోంది. ఫీజు కట్టి చదివే కొత్త కంప్యూటర్ కోర్సు ప్రారంభోత్సవమట. తిప్పి రెండో వైపు పెట్టాడు. అక్కడా అదే. ఏలియా క్యాసెట్ పట్టుకుని పరిగెత్తాడు.

గైడు గంగాధరరావు కుర్చీలోంచి కదల్లేదు. "పాడింది మీ నాయనమ్మే కదయ్యా. మళ్లీ పాడించు," అన్నాడు.

"ఎవరు చావాలి సార్?"

ఆయన ఫైల్లో తల దూర్చాడు. ఏలియా ఎవరినీ అడక్కుండా క్యాసెట్ జేబులో వేసుకుని ఇంటికొచ్చేశాడు.

దాన్ని చూడగానే మార్తమ్మ మొహం వికసించింది. "తెచ్చినవా బిడ్డా! ఆనాడు ఏం పాడిన్నో ఒక్క ముక్క యాదికి లేదు. పెట్టు, నేను గూడ ఇంట." ఏలియా నోరు విప్పేలోపే పక్కింటికి పోయి టేప్‌రికార్డర్ పట్టుకొచ్చింది. కొంగు తల మీదికి లాక్కుని ముందు కూచుంది.

ఇంగ్లీషు ఉపన్యాసం మొదలైంది. ముసలమ్మ ఓపిగ్గా వింది.

"ఈ సారు మాట్లాడుడు అయినంక నాది వస్తదా?"

"రాదు నాయనమ్మా. నీ పాట మీదనే ఇది ఎక్కించిన్రు. తుడుచుకపోయింది."

మార్తమ్మ వంగి, టేప్‌రికార్డర్‌కి చెవి ఆనించింది.

"జర గట్టిగ పెట్టు బిడ్డా. ఆయన మాటల ఎన్క ఏమన్న ఇనబడ్తదేమో."

ఏలియా సౌండ్ పెంచాడు. టేపులో చప్పట్లు మోగాయి.