నాలుగో మడి మీగడ

నీళ్ళ ఫిల్టర్‌హౌస్‌లో ఆయన్ని అందరూ ఇసుక బాబాయి అంటారు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట తట్టలు మోయడానికి వచ్చినవాడు, ఇప్పుడు నాలుగు ఇసుక మడులకూ పెద్దదిక్కు. ఏటి నీళ్ళు ఆ మడుల మీద నిలబడి, నెమ్మదిగా ఇసుకలోకి ఇంకి, అడుగునుంచి శుభ్రమై ఊళ్ళోకి పోతాయి. ఇసుక మీద గోధుమరంగులో జిగటగా ఒక పొర కడుతుంది. పనివాళ్ళు దాన్ని మీగడ అంటారు. నీళ్ళు దిగడం మందగిస్తే మీగడ గీకెయ్యాలి. గీకాక పదిరోజులు ఆ మడి నీళ్ళు కాలవలోకి వదిలి, కొత్త మీగడ కట్టాకే ఊరికి ఇవ్వాలి. ఈ పదిరోజుల దగ్గర బాబాయి దేవుడి మాట కూడా వినేవాడు కాదు. ఇంజనీరు తొందరపెడితే, "సంతకం పెట్టివ్వండి, ఇప్పుడే ఊరివైపు వాల్వు చక్రం తిప్పుతా" అని నోరు మూయించేవాడు.

అలాంటి మనిషి బుద్ధి, రిటైరవడానికి మూడు నెలల ముందు గడ్డి తింది.

పరిశోధన సంస్థ నుంచి మనుషులొస్తారు, ఫొటోలు తీస్తారు అన్నారు. గేటు పక్కనే నాలుగో మడి పాచిపట్టి కనబడుతుంటే ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఆదివారం, ఇంజనీరు రాని రోజు చూసి, ఇద్దరు కూలీలతో మీగడ మొత్తం గీకించేశాడు. సోమవారం పొద్దున చూస్తే అడుగు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మడి ఊరికి మూసి ఉంటే ఎందుకు మూశావని అడుగుతారు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుని చక్రం ఊరివైపు తిప్పేశాడు.

ఆ మధ్యాహ్నమే సంస్థ నుంచి ల్యాబ్ అమ్మాయి వచ్చింది. ఏటి నీళ్ళు, ప్రతి మడి మీద చిటికెడు ఇసుక, ప్రతి మడి అడుగు నీళ్ళు సీసాల్లో పట్టింది. వాటిలోంచి డీఎన్ఏ తీసి, లాప్‌టాప్‌కి తగిలించిన పిడికిలంత యంత్రంలో వేసింది. బాక్టీరియాను పెంచి చూడాలంటే రోజులు పడుతుందట, చాలా రకాలు అసలు పెరగనే పెరగవట. ఈ యంత్రం డీఎన్ఏ చదివి ఎవరెవరున్నారో చెప్పేస్తుందట.

మంగళవారం మూడు దాటాక బాబాయిని ఇంజనీరు కూర్చునే పంపు గదిలోకి పిలిచింది. నాలుగింటికి కింది వీధులకి నీళ్ళు వదలాలి.

"బాబాయ్ గారూ, మొదటి మూడు మడుల్లో ఎనిమిది వందల రకాల పైనే ఉన్నాయి. ఏట్లోంచి వచ్చే చెడ్డవాటిని వడగట్టి తినేది ఈ గుంపే. నాలుగో దాంట్లో మాత్రం అరవై కూడా లేవు. అడుగు నీళ్ళలో అచ్చం ఏటిలో ఉన్నవే ఉన్నాయి, పేగుల్లో బతికేవాటితో సహా."

బాబాయి అడ్డుతగిలాడు. "చచ్చినవేమో తల్లీ. చచ్చినా డీఎన్ఏ మిగులుతుందన్నావుగా."

"మిగులుతుంది. బతికున్నాయో లేదో ఇది చెప్పదు." ఆ పిల్ల నుదురు రుద్దుకుంది. "అసలు నాదే పొరపాటయ్యుంటుంది. ఇసుకలోంచి డీఎన్ఏ సరిగ్గా రాలేదేమో, ఏటి సీసానే రెండుసార్లు పోసుంటాను. మీ మడి ఇలా ఉండదు. ఈ నాలుగోది తీసేసి, వచ్చేవారం మళ్ళీ చేస్తాను."

తప్పించుకోవడానికి ఇంతకంటే రాచబాట దొరకదు. నోరు విప్పకపోతే చాలు, పరువూ పింఛనూ రెండూ దక్కుతాయి. పదిరోజుల్లో మీగడ దానంతటదే కడుతుంది. చివర్లో క్లోరిన్ ఎలాగూ కలుపుతారు. కానీ అన్నీ క్లోరిన్‌కి చావవని కొత్త కుర్రాళ్ళకి పాఠం చెప్పేది ఆయనే. కింది వీధుల్లో తన ఇల్లూ ఉంది. గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది.

"తప్పు నీది కాదు తల్లీ. నీ యంత్రం సరిగ్గానే చెప్పింది. ఆదివారం నేనే గీకించాను."

పక్క బల్ల దగ్గర ఇంజనీరు తలెత్తాడు. "నీళ్ళు ఎప్పుడు తిప్పారు?"

"నిన్న పొద్దున."

"పదిరోజులు ఆగకుండానా? మీరా?"

ఆ 'మీరా' అన్నది చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

"రాసివ్వాల్సి ఉంటుంది బాబాయ్. పై వాళ్ళకి పంపక తప్పదు. నేనేం చెయ్యలేను."

"రాసిస్తాను. ముందు సరఫరా ఆపించండి, ఊరికి వెళ్ళే నీళ్ళు నిలవుండే తొట్టి ఖాళీ చెయ్యాలి."

పరుగున వెళ్ళి నాలుగో మడి చక్రం కాలవవైపు తిప్పాడు. అది బిగుసుకుపోయి ఉంది. భుజం పెట్టి తోస్తే గానీ కదల్లేదు. తర్వాత ఆయాసపడుతూనే ఇంటికి ఫోన్ చేశాడు.

"కుళాయి నీళ్ళు ఎవరూ తాగొద్దు. పట్టినవన్నీ పారబొయ్యి."

"ఏమైందండీ?" అంది భార్య. "నిన్నటి నుంచీ అవేగా తాగుతున్నాం."

"ఎవరెవరు?"

"ఎవరెవరేంటి, అందరమూ. చంటాడికి పాలపొడి కలిపిందీ వాటితోనే."

చంటాడంటే మనవడు. ఎనిమిదో నెల. కాచి కలిపారా అని అడగడానికి నోరు తెరిచి, అడగలేకపోయాడు. ఆ ఇంట్లో తాగే నీళ్ళు కాచడమంటే తన పనిని అవమానించడమేనని భార్యకీ కూతురికీ ముప్పై ఏళ్ళుగా నూరిపోసింది తనే.