మా ఆయన వాసన

కడుపుతో ఉన్న మూడో నెలలో నాకు మా ఆయన వాసన పడకుండా పోయింది. కాఫీ పడకపోతే కాఫీ మానేస్తాం. తాలింపు పడకపోతే పచ్చిపులుసుతో సరిపెట్టుకుంటాం. మొగుణ్ణి ఏం చేస్తాం? పైగా ఆయనది పొరుగు రాష్ట్రంలో ఇనుపరాతి గనిలో ఉద్యోగం. షిఫ్టు దిగి బచేలిలోని మా క్వార్టర్‌కు వచ్చేసరికి చొక్కా, జుట్టు, చెవి మడతలు అన్నీ ఎర్రగా ఉంటాయి. ఆ ఇనుపరాతి దుమ్ముకు చెమట తోడై ఒక వాసన వేస్తుంది. పెళ్ళయిన నాటినుంచీ ఆ వాసన తగిలితే నా మనిషి ఇంటికొచ్చాడని నాకు ప్రాణం కుదుటపడేది. అలాంటిది, ఒక సాయంత్రం ఆయన గేటు తీశారో లేదో, కడుపులో దేవినట్టయి పెరట్లోకి పరుగెత్తాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ హిందీలో ఒక్క ముక్కలో తేల్చేసింది. హార్మోన్లట. కాన్పయ్యాక సర్దుకుంటుందట. నోరు చేదన్నా హార్మోన్లే, ఊరికే కోపమొస్తోందన్నా హార్మోన్లే. మా ఆయన ఆ మాటను ఇంటికి మోసుకొచ్చి చుట్టాన్ని చేసేశారు. రోజూ గేటు దగ్గరే నిలబడి, "హార్మోన్ గారు ఎలా ఉన్నారు? నన్ను లోపలికి రమ్మంటారా?" అని అడిగేవారు.

హార్మోన్ గారు రమ్మనేవారు కాదు. స్నానం పెరటి కుళాయి దగ్గర, పడక ముందుగదిలో, యూనిఫాం పక్క క్వార్టర్ వాళ్ళ దండెం మీద. పాపం, సబ్బులు కూడా మార్చి చూశారు. వేపసబ్బు రోజున నేను అన్నం కూడా తినలేకపోయాను.

పక్క క్వార్టర్ అక్కది ఆవపల్లి వైపు. తన దండెం మీద మా ఇంటి బట్టలు ఆరడం చూసి ఊరుకోలేక గోడ మీంచి అడిగింది.

"ఏంది చెల్లె, సారును గడప తొక్కనిస్తలేవంట? కొట్లాడిన్రా?"

"లేదక్కా. వాసన పడట్లేదు."

"గంతేనా? పెద్దోడు కడుపుల ఉన్నప్పుడు నాకు మా అత్త వాసన పడలే. మస్తు సుఖముండె," అని పకపకా నవ్వింది.

నేనూ నవ్వాను కానీ లోపల గుబులుగానే ఉండేది. కాన్పయ్యాక కూడా సర్దుకోకపోతే? ఈ మనిషంటే నా ఒంటికి ఇష్టం చచ్చిపోయి ఉంటే?

పాప పుట్టింది. గోదావరి వైపునుంచి అమ్మ వచ్చి నా చెవుల్లో దూది కుక్కి, తలకు గుడ్డ చుట్టి, పథ్యం మొదలెట్టింది. హార్మోన్ గారు ముక్కు చాలదన్నట్టు కళ్ళలోనూ కాపురం పెట్టారు. పాప తుమ్మితే ఏడుపు. కుక్కర్ కూత వేస్తే ఏడుపు. అన్నంలో అమ్మ ఇంకాస్త నెయ్యి వేస్తే, నా మీద ఎంత ప్రేమో అని ఏడుపు. "పచ్చి బాలింతవి, అలా ఏడిస్తే కళ్ళు పోతాయే," అని అమ్మ అంటే, ఆ మాటకు మళ్ళీ ఏడుపు.

అసలు ఏడుపు మాత్రం ఆయన గురించే. ఇప్పటికీ కుళాయి దగ్గర స్నానం చేసి, తడి తలతో గడప దగ్గరే నిలబడి, పాపను దూరంనుంచి చూసి ముందుగదిలోకి వెళ్ళిపోయేవారు. ఇన్ని నెలలు వెళ్ళగొడితే ఏ మనిషి మనసైనా విరిగిపోతుంది, ఇక నేనంటే ఆయనకు అక్కర్లేదు అని నిశ్చయించేసుకున్నాను. అడగడానికి మాత్రం నోరు రాలేదు. నిజమే అంటారేమోనని భయం.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన దంచింది. "చెల్లె, సారు బట్టలు తడుస్తున్నయ్," అంటూ అక్క గోడ మీంచి యూనిఫాం విసిరింది. నిన్న విడిచి దండెం మీద వేసిన చొక్కా, ఇంకా ఉతకనిది. అలవాటుగా ఊపిరి బిగబట్టి పట్టుకున్నాను. ఎంతసేపని బిగబడతాను? పీల్చక తప్పలేదు. అదే దుమ్ము, అదే చెమట. కడుపులో ఏమీ కాలేదు. చొక్కాలో మొహం దాచుకుని బావురుమన్నాను. ఈసారి ఎందుకు ఏడుస్తున్నానో నాకు తెలుసు.

తలెత్తేసరికి ఆయన గేటు దగ్గర వానలో నిలబడి ఉన్నారు. ఒళ్ళంతా ఎర్రటి నీళ్ళు కారుతున్నాయి.

"అది పక్కన పడెయ్. వాంతొస్తుంది."

"రాదు."

"మరి హార్మోన్ గారు?"

"వెళ్ళిపోయారు. ఎప్పుడు వెళ్ళారో నాకే తెలీదు."

ఆయన మొహంలో వేళాకోళం పోయింది. "రోజూ గడప దగ్గర నిలబడేది నువ్వు రమ్మంటావేమోననే," అన్నారు.

ఆయన అలవాటుగా కుళాయి వైపు తిరిగారు.

"స్నానం తర్వాత చేద్దురుగానీ. ముందు లోపలికి రండి," అన్నాను.

సాయంత్రం పాపకు నీళ్ళు పోయబోతూ అమ్మ దాని బుగ్గ వైపు పరీక్షగా చూసింది.

"దిష్టిచుక్క ఎర్రగా పెట్టావేంటే?"

"నేను పెట్టలేదమ్మా. వాళ్ళ నాన్న పెట్టారు."